లివింగ్ విల్ రాశారా? మీ లాక్ స్క్రీన్‌కి ఆ సంగతి తెలియాలి

కొత్త ఫోన్ కొంటే బ్యాకప్ మర్చిపోం. కానీ ఐసీయూలో వెంటిలేటర్ మీద మాట్లాడలేని స్థితిలో ఉంటే ఏం చేయాలో ఇంట్లో ఎవరికీ చెప్పం.

లెగసీ కాంటాక్ట్ పెట్టేశాగా అంటారా? యాపిల్‌ది డెత్ సర్టిఫికెట్ చూపిస్తేనే తెరుచుకుంటుంది. గూగుల్ ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ కనీసం 3 నెలలు ఆగుతుంది. బతికుండగా పనికొచ్చేది లివింగ్ విల్: కోలుకునే ఆశ లేనప్పుడు ఏ చికిత్స వద్దో ముందే రాసే కాగితం. సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది, 2023లో పద్ధతి తేలిక చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ, అంతే. మన తరఫున మాట్లాడేవాళ్ల పేర్లూ అందులోనే రాయాలి. నోట్స్ యాప్‌లో టైప్ చేస్తే చెల్లదు. రాశాం కదా అని డాక్టర్ వెంటనే ప్లగ్ పీకేయరు లెండి, రెండు మెడికల్ బోర్డులు ఒప్పుకోవాలి.

స్కాన్ కాపీ మీ ఫోన్లోనే ఉంటే దండగ. లాక్ తీసేదెవరు? పేర్లు రాసినవాళ్లకి ముందే పంపేయండి. ఐఫోన్‌లో మెడికల్ ఐడీ, ఆండ్రాయిడ్‌లో ఎమర్జెన్సీ సమాచారం లాక్ తీయకుండానే చూడొచ్చు. అక్కడ ‘లివింగ్ విల్ ఉంది, అక్కకి ఫోన్ చేయండి’ అని ఒక్క లైన్ చాలు. ‘షో వెన్ లాక్డ్’ ఆన్‌లో ఉందో లేదో మాత్రం చూసుకోండి. మనసు మారితే ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు, కాకపోతే అదీ రాతపూర్వకంగానే.