ఆలస్యముగ వికసించిన ఆటగాడు

బిడ్డ పొట్టిగా నున్నాడనియో, వెనుకబడినాడనియో తొందరపడి నిర్ణయింపరాదు. ఇందుకు నిదర్శనముగ ఫ్రెంచి ఫుట్‌బాల్ క్రీడాకారుడు ఎన్గోలో కాంటే వృత్తాంతమును తలిదండ్రులకు మనవి చేయుచున్నాము.

మాలీ దేశమునుండి వలసవచ్చిన కుటుంబమున నతడు 1991లో పారిస్ నగరమందు జన్మించెను. పొట్టివాడని పెద్ద క్లబ్బులు చేర్చుకొనలేదు. 19వ యేటివరకు సురెన్‌లోని చిన్న క్లబ్బులోనే యాడెను. ఆటతోపాటు గణకవిద్యయు నభ్యసించెను.

అతని స్థానము మైదానమధ్యము. ప్రత్యర్థుల బంతిని చేజిక్కించుకొని తనవారి కందించుట అతని పని. గోలు చేసినవానికి దక్కు కీర్తి ఆ పనికి దక్కుట అరుదు. అయినను 2016లో లెస్టర్, 2017లో చెల్సీ ఇంగ్లండు లీగులో ప్రథమస్థానము నొందుటలోను, 2018లో ఫ్రాన్సు ప్రపంచకప్పు గెలుచుటలోను అతని పాత్ర ముఖ్యమైనది.

మన బిడ్డలకును ఎదుగుటకు తగిన వ్యవధి నొసంగుదము.