మనసులు వినువాడు, మనసు వినబడని మరమనిషి

గత సంవత్సరము మా పాఠశాల పఠనమందిరములో పై తరగతుల బాలబాలికలు తాము చదివిన కథలనో, టెలివిజనులో చూచిన కథలనో తెలుగులో చెప్పుకొనుటకు శనివారము సాయంకాలము ఒక గంట కేటాయించితిమి. ఇంట తెలుగు, వీధిలో తమిళము, తరగతిలో ఆంగ్లము, ఇట్లు మూడు భాషల నడుమ పెరుగుచున్న పిల్లల నోట తెలుగు నిలుపుటకు ఇంతకన్న సులభోపాయము మాకు తోచలేదు. రామాయణ కథలును, తెనాలి రామకృష్ణుని కథలును వచ్చునని యెదురుచూచితిమి. అవి వచ్చినవి. వానితోపాటు నక్షత్రనౌకలును, మరమనుషులును వచ్చినవి. ఈ సంగతి విని కొందరు తలిదండ్రులు, ఇట్టి కథలవలన పిల్లలకు ఒరుగునదేమని మమ్ము నడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. ఇట్టి కథలన్నింటి తరఫున సమాధానము చెప్పుట మాకు శక్యము కాదు. వానిలో పనికిమాలినవి చాల కలవు. ఒక్క కథను మాత్రము తీసికొని, అందేమున్నదో ఇచ్చట వివరింప దలచితిమి.

అమెరికా దేశమున జీన్ రాడెన్‌బెరీ అను నాతడు 1966లో "స్టార్ ట్రెక్" అను టెలివిజను కథామాలికను ప్రారంభించెను. దాని రెండవ తరము కథలు 1987 మొదలు 1994 వరకు ప్రసారమైనవి. మేము చెప్పబోవు కథ ఆ రెండవ మాలికలోనిది. పేరు "టిన్ మాన్", అనగా రేకుమనిషి. ప్రసారమైనది 1990 ఏప్రిల్ నెలలో. దీనికి మూలము డెన్నిస్ బెయిలీ, డేవిడ్ బిషాఫ్ అను ఇద్దరు రచయితలు 1976లో ప్రకటించిన ఒక కథ. దానినే వారు 1979లో నవలగా పెంచిరి. పిదప టెలివిజనుకు అనువుగా మార్చిరి.

కథ యిట్లు నడచును. ఎంటర్‌ప్రైజ్ అను నక్షత్రనౌకకు పికార్డ్ అధిపతి. అచ్చటికి చాల దూరమున, చావునకు సిద్ధమైన యొక నక్షత్రము చుట్టును ఒక వింత వస్తువు తిరుగుచున్నది. అది నౌకవలె నుండును. కాని నౌక కాదు, ప్రాణమున్న జీవి. దానితో మాటలాడ గలవాడు కావలెను. అందులకై టామ్ ఎల్‌బ్రన్ అను నాతనిని ఎంటర్‌ప్రైజునకు తీసికొనివత్తురు. ఇతడు బెటజాయిడ్ జాతివాడు. ఆ జాతివా రందరును ఇతరుల మనసులోని మాటను చెవితో విన్నట్లు వినగలరు. ఆ శక్తి వారిలో చాలమందికి యౌవనారంభమున మేల్కొనును. అప్పటికి వారికి తామెవరో కొంత తెలిసియుండును. ఎల్‌బ్రనుకో, ఆ శక్తి పుట్టుకతోనే వచ్చినది. ఉయ్యాలలోని శిశువునకు ఊరివా రందరి తలపులును వినబడినచో నెట్లుండునో ఊహింపుడు. తన యేడుపేదో, పొరుగువాని యేడుపేదో వానికి తెలియుటెట్లు?

అందుచేత ఎల్‌బ్రన్ చిన్ననాటనుండియు చికిత్సాలయములలో కాలము గడపవలసివచ్చెను. ఎంటర్‌ప్రైజులో మనోవైద్యసలహాదారైన డియానా ట్రాయ్ అతనిని అట్టి స్థితిలోనే మొదట ఎరిగినది. పెద్దవాడైన పిదపను అతనికి స్వస్థత చిక్కలేదు. ఎదుటివారు ప్రశ్న నోట పలుకకమునుపే అతడు జవాబు చెప్పును. సభలో ఒకరు ఆరంభించిన వాక్యమును తానే ముగించును. వినువారికది అహంకారముగా తోచును. అతడు లోగడ పాల్గొన్న యొక దౌత్యము చెడి పలువురు మరణించిరి. ఆ మృతులలో ఉపనౌకాధిపతి రైకర్ మిత్రులును కలరు. రైకర్ నోట ఒక్క మాట రాకున్నను, అతని మనసులోని నింద ఎల్‌బ్రనుకు వినబడుచునే యుండును. నౌకలో వేయిమందికి పైగా జనమున్నారు. ఆ వేయిమంది తలపులును గోడలు దాటి వచ్చి అతనిపై బడుచుండును.

ఇట్టివాని యెదుట డేటా నిలుచును.

డేటా మరమనిషి. రూపమున మనుష్యుడే, చర్మము పాలిపోయి, కన్నులు పసుపుపచ్చగా నుండును. నౌకలో అధికారి. వాని మెదడునకు ఆ కథకులు పెట్టిన పేరును ఐజాక్ ఆసిమోవ్ కథలనుండి గ్రహించినదే. డేటాకు సుఖదుఃఖములు తెలియవని కథలో చెప్పుదురు. ఐనను మానవులవలె నుండవలెనని వాని నిరంతర ప్రయత్నము. ఎల్‌బ్రన్ వానిని చూచి ఉలికిపడును. కన్నుల యెదుట మనిషి యున్నాడు, మాటలాడుచున్నాడు. లోపలనుండి మాత్రము ఏమియు వినబడదు. పుట్టినది మొదలు ఎవనియెదుటను ఎల్‌బ్రనుకు ఇట్టి యనుభవము లేదు. మనకు చీకటిగదిలో గోడకై చేయి చాచినప్పుడు గోడ తగులకపోయిన నెట్లుండునో, అట్టి తత్తరపాటు అది.

ఈ ఘట్టమును చెప్పుచు మా విద్యార్థి యొకడు, "వాని లోపల ఎవరును లేరు కాబట్టి వినబడలేదు" అని తేల్చివేసెను. మరియొక బాలిక ఒప్పుకొనలేదు. వినబడకపోవుట వేరు, లేకపోవుట వేరని ఆమె వాదము. ఈ వాదము పావుగంటసేపు సాగెను. అది తెలుగులోనే సాగినందులకు మేము అడ్డుపడలేదు. ఈ కథామాలికయే ఆ ప్రశ్నను 1989లో వేరొక కథలో విచారణసభకెక్కించినది. డేటా యొకరి సొత్తా, లేక తన నిర్ణయము తాను చేసికొనదగిన వ్యక్తియా యని అందు వాదింతురు. లోపల ఆత్మ యున్నదో లేదో తాను తేల్చజాలనని న్యాయాధికారిణి యొప్పుకొని, తన మార్గమును ఎన్నుకొను హక్కు మాత్రము డేటాకు కలదని తీర్పు చెప్పును. మా బాలిక ఆ కథను చూడలేదు. ఐనను న్యాయాధికారిణి చేరిన చోటునకు సమీపముననే చేరెను.

తత్తరపాటు తీరిన పిదప ఎల్‌బ్రను ప్రవర్తన మారుటయే ఈ కథకు మూలకందమని మా యభిప్రాయము. నౌకలో ఎవరి సాంగత్యమును సహింపలేనివాడు డేటాతో కూర్చుండి ముచ్చటించును. డేటా సన్నిధి అతనికి విశ్రాంతి. అడిగినదానికి జవాబు వచ్చునంతవరకు వేచియుండుట, ముఖమును చూచి భావమును ఊహించుట, తెలియనిదానిని మరల అడుగుట ఇవన్నియు అతనికి క్రొత్త. మనకో, నిత్యకృత్యములు. మన మందరమును ఒకరియెదుట నొకరము, డేటా యెదుట ఎల్‌బ్రన్ నిలిచినట్లే నిలిచియున్నాము. కన్నబిడ్డ లోపల ఏమి జరుగుచున్నదో మనకు వినబడదు. పిల్లవాడు బడినుండి వచ్చి సంచి మూల పడవైచి మౌనముగా కూర్చుండినచో, అడుగవలసినదే. వాడు చెప్పినప్పుడు వినవలసినదే. వాని మనసు వినగలిగియున్న నెంత బాగుండునని తల్లి యనుకొనుట సహజము. ఆ కోరిక నిజమైన నేమగునో ఈ కథ చూపుచున్నది. అందరి మనసులును ఎరిగిన ఎల్‌బ్రనుకు నౌకలో ఒక్క మిత్రుడును లేడు.

పరుల చిత్తము నెరుగుట మన దేశమునకు క్రొత్త తలపు కాదు. పతంజలి యోగసూత్రములలో మూడవ పాదమున పరచిత్తజ్ఞానము చెప్పబడినది. ఇతరుని చిత్తము తెలియునే గాని ఆ చిత్తము దేనిని గూర్చి తలచుచున్నదో తెలియదని కూడ అచ్చట నున్నది; ఈ రెండవ మాటను కొందరు సూత్రముగాను, కొందరు భాష్యభాగముగాను పరిగణింతురు. ఎట్లైనను, యోగికి ఆ శక్తి చిత్తమును నిగ్రహించిన పిదప కలుగును. ఎల్‌బ్రనుకు శక్తి ముందు వచ్చినది, నిగ్రహము రానేలేదు. పశ్చిమదేశములలో "టెలిపతి" అను పదమును ఫ్రెడరిక్ మయర్స్ అను ఆంగ్లేయుడు 1882లో కల్పించెను. పదము నిలిచినది, అట్టి శక్తి కలదనుటకు శాస్త్రజ్ఞు లంగీకరించిన నిదర్శనము మాత్రము నేటికిని లేదు. పిల్లలకు ఈ సంగతిని స్పష్టముగా చెప్పవలెను.

టెలిపతి కల్పన యైనను, ఎల్‌బ్రన్ బాధ కల్పన కాదు. అనవసరమైన సద్దును త్రోసిపుచ్చి కావలసినదానినే వినుట మన మనసు ఎల్లవేళల చేయు పని. పెండ్లిపందిరిలో సన్నాయి మ్రోగుచున్నను, నలుగురు నాలుగువైపుల కేకలు వేయుచున్నను, ప్రక్కనున్న వియ్యంకుని మాట మనకు వినబడుచునే యుండును. ఈ విషయమును కాలిన్ చెర్రీ అను శాస్త్రజ్ఞుడు 1953లో పరీక్షించెను. ఒక చెవిలో ఒక ప్రసంగమును, రెండవ చెవిలో వేరొక ప్రసంగమును వినిపించి, మొదటిదానిని వెంటవెంట పలుకుమనెను. రెండవ చెవిలోని దానిని గూర్చి వినువారు దాదాపు ఏమియు చెప్పలేకపోయిరి. ఆ చెవిలో ఆంగ్లము నడుమ జర్మను భాషగా మారినను వారు గమనింపలేదు. 1959లో నెవిల్ మోరే అను నాతడు ఇట్టి పరీక్షయే చేసి, వదలివేసిన చెవిలో తమ పేరు పలికినప్పుడు మాత్రము కొందరు గుర్తించిరని కనుగొనెను. మనసునకు ఒక ద్వారమున్నది, ద్వారపాలకుడును ఉన్నాడు. అతడు పేరు వినబడినప్పుడు తలుపు కొద్దిగా తెరచును. మూడు భాషల వీధిలో నడచు మన పిల్లల ద్వారపాలకునకు పని మరికొంత యెక్కువ.

అందరు పిల్లలకును ఆ ద్వారము ఒక్కరీతిగా మూతపడదు. కొందరికి ఫంకా చప్పుడు, బెంచీ లాగిన చప్పుడు, ప్రక్కవాని గుసగుస అన్నియు ఒక్క బలముతో వచ్చి పడును. ఈ సంగతి మాకు ఆలస్యముగా తెలిసినది. కొన్ని సంవత్సరముల క్రిందట మా పాఠశాలలో ఒక చిన్నవాడు ప్రార్థనాసమయమున చెవులు మూసికొనుచుండెను. అవిధేయతయని మేము దండించితిమి. ముందువరుసలో, గంట ప్రక్కనే నిలువబెట్టితిమి. మధ్యాహ్నము వాడు తోటివారితో ఆడక, పాదులు త్రవ్వుకొను తోటమాలియొద్ద కూర్చుండెడివాడు. ఆ తోటమాలి రోజుకు పది మాటలు మాటలాడెడివాడు కాడు. పిల్లవానిని తోటమాలి సహవాసము చెరచుచున్నదని యెంచి దానినిగూడ మాన్పించితిమి. వాని తండ్రి మాతో తగవుపడలేదు. ఏడాది చివర బిడ్డను మాన్పించుకొనిపోయెను. ఎల్‌బ్రన్ కథను మొదట విన్ననాడు మాకు స్ఫురించినది ఆ పిల్లవాడే.

కథలో ఎల్‌బ్రన్ తనకు నచ్చిన ప్రదేశమొకటి చెప్పును. దాని పేరు చంద్రా. మన చెవికి చుట్టరికము గల పేరే. అచ్చటివారు మిక్కిలి నెమ్మదైన మనసు గలవారు. ఒకరినొకరు పలుకరించుకొను మర్యాదకే మూడు దినములు పట్టును. మన బంధువులలోను పలుకరింపునకు పూట పట్టువారు కలరు గాని, వారి నెమ్మది వేరు.

ఇక కథాంతము. ఆ ప్రాణముగల నౌక పేరు గోమ్టూ. తన జాతిలో తానొక్కటే మిగిలినది. లోపల నివసించిన నావికులు ఎన్నడో మరణించిరి. లోపల ఎవరును లేక బ్రదుకలేక, చచ్చుచున్న నక్షత్రముతోపాటు చావవలెనని వచ్చినది. ఎల్‌బ్రన్ దానితో చాల దూరమునుండియే సంభాషించుచున్నాడని, ఆ సంగతిని దాచెనని నడుమ బయటపడును. శత్రువులైన రోమ్యులనుల నౌక దానిపై దాడికి రాగా ఎల్‌బ్రన్ మనసుతోనే హెచ్చరించును. గోమ్టూ ఆ నౌకను భస్మము చేయును. తన హెచ్చరికవలన అంతమంది చనిపోవుదురని అతడు తలపలేదు. ఈ ఘట్టమును రచయితలు త్వరగా దాటివేసిరి. అది మాకు కొరతగానే తోచినది.

పికార్డ్ అనుమతితో ఎల్‌బ్రనును, అతనికి తోడుగా డేటాయును గోమ్టూ లోపలికి పోవుదురు. తోడు పోవుటకు డేటాయే తగినవాడగుట గమనింపదగినది. అచ్చట ఎల్‌బ్రన్ తిరిగి రానని చెప్పును. వేయి గొంతులు మాసి ఒక్క గొంతు మిగిలినది. ఆ గొంతునకు ఇతడు కావలెను. నక్షత్రము ప్రేలుటకు ముందు గోమ్టూ ఎంటర్‌ప్రైజును ఆపదనుండి దూరముగా విసరివేసి, డేటాను తిరిగి నౌకకు పంపి, తాను మాయమగును. తరువాత డేటా ట్రాయితో, ఒకరికొకరు కావలసివచ్చి ఆ ఇద్దరును స్వస్థులైరని చెప్పును. గోమ్టూ తనను నౌకకు తిరిగి పంపినప్పుడే తన చోటు ఎంటర్‌ప్రైజని తనకు తెలిసినదనియు చెప్పును. సుఖదుఃఖములు తెలియనివాని నోట ఈ మాట వచ్చుటచే, లోపల ఎవరును లేరనిన మా విద్యార్థి కొంతసేపు ఊరకుండెను.

ఈ కథ నడచుటకు ముప్పావు గంట పట్టును. అయిదవ తరగతి దాటని పిల్లలకు నౌక భస్మమగు ఘట్టమున పెద్దలు ప్రక్కనుండుట మంచిది. ఇంట చూపించువారు పిదప పిల్లలచేత కథను తెలుగులో చెప్పించిన మాకు సంతోషము. "ఆండ్రాయిడ్" అను మాటకు మా పిల్లలు మరమనిషి యన్నారు. టెలిపతి గలవానికి మాత్రము నిఘంటువులలోని మాట లేవియు వారికి రుచింపలేదు. పరచిత్తజ్ఞుడని మేము సూచింపగా నవ్విరి. చివరకు ఏడవ తరగతి బాలిక యొకతె "మనసులు వినువాడు" అనగా అందరును సరే యనిరి. ఈ వ్యాసమునకు మేము పెట్టిన పేరు ఆమె యిచ్చినదే.