పసికందుకు పసరు వాంతి అయితే

పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ ఆకుపచ్చగా కక్కుతుంటే అది పైత్యమని వాము నీళ్లు పట్టి కూర్చోకూడదు. పల్నాటి తల్లిదండ్రులకు ఈ మాట మరీ గట్టిగా చెప్పాలి. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లకు పైమాటే మరి.

పసరు వాంతి పేగు మెలిపడిందనడానికి గుర్తు కావచ్చు. గర్భంలో పేగులు 270 డిగ్రీలు తిరిగి, వెడల్పాటి పొరతో పొట్ట వెనక గోడకు అతుక్కుంటాయి. కొందరిలో అలా కుదురుకోవు. అప్పుడు చిన్నపేగంతా ఇరుకైన మొదలు మీద వేలాడుతూ తడిగుడ్డ పిండినట్టు మెలిపడవచ్చు. రక్తం ఆగితే కొన్ని గంటల్లోనే పేగు నల్లబడి చచ్చిపోతుంది. మొదట్లో పొట్ట మెత్తగానే ఉంటుంది, బిడ్డ హుషారుగానే కనిపించవచ్చు. మోసపోయేది అక్కడే. పాలు ఆపి, వెచ్చగా చుట్టి, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రికి నేరుగా బయల్దేరాలి.

చచ్చిన పేగును కోసి తీసేయక తప్పదు. నెలలు నిండిన శిశువుకు చిన్నపేగు సుమారు 250 సెంటీమీటర్లు. అందులో చాలా భాగం పోతే తాగిన పాలు ఒంటికి పట్టక నీళ్ల విరేచనాలవుతాయి. ఇదే షార్ట్ బవెల్ సిండ్రోమ్. నెలలు నిండకుండా పుట్టినవారిలో పేగు కుళ్లడం, పుట్టుకతో పేగు మూసుకుపోవడం కూడా దీనికి దారితీస్తాయి.

ఒకప్పుడు ఇలాంటి పిల్లలు దక్కేవారు కాదు. 1968లో ఫిలడెల్ఫియా వైద్యులు విల్మోర్, డుడ్రిక్ పోషకాలన్నీ రక్తనాళం ద్వారానే ఎక్కించి ఒక పసిబిడ్డను పెంచవచ్చని చూపించారు. అయితే అందుకు రక్తనాళంలో పెట్టే గొట్టం వెంట రక్తంలోకి సూక్ష్మజీవులు చేరవచ్చు, కాలేయం దెబ్బతినవచ్చు, ఖర్చూ భారీ. ఇంటి దగ్గర నెలల తరబడి ఎక్కించే ఏర్పాటు మన దేశంలో బహు కొద్దిమందికే అందుతోంది.

నాకు అన్నిటికన్నా ఆశ కలిగించేది మిగిలిన పేగే. పోషకాలను పీల్చే దాని లోపలి నూగు పొడవు పెరుగుతుంది, పేగు వెడల్పవుతుంది, బిడ్డతో పాటు సాగుతుంది. ఇందుకు నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. కానీ పేగులోకి ఆహారం చేరుతుంటేనే ఈ పెరుగుదల సాగుతుంది. అందుకే డాక్టర్లు చుక్కలు చుక్కలుగానైనా తల్లిపాలు మొదలుపెడతారు.

డిశ్చార్జి కాగితంలో ఎన్ని సెంటీమీటర్ల పేగు మిగిలిందో, చిన్నపేగు పెద్దపేగు కలిసేచోటి కవాటం ఉందో లేదో రాయించుకోండి. చిన్నపేగు చివరి భాగం పోతే బి12 ఇంజెక్షన్లు ఏళ్ల తరబడి కావాలి. నరసరావుపేటలో చూసే డాక్టరుకైనా, గురజాలలో చూసే డాక్టరుకైనా ముందుగా కావలసింది ఆ కాగితమే.