బుడమేటి వరదయు, భూతాప వాదమును

2024వ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీ ఆదివారమునాడు విజయవాడలో సింగునగరము, పాయకాపురము, రాజరాజేశ్వరీపేట, వాంబేకాలనీ మున్నగు పేటల గృహిణులకు ముగ్గు పెట్టుటకు వాకిట నేల కనబడలేదు. గడప దాటిన నీరు గంటల వ్యవధిలో మంచము లెక్కెను, బియ్యపు డబ్బాలను తేల్చెను, కొన్ని యిండ్లలో కిటికీలను కప్పెను. పలువీథులలో ఆ నీరు వారమునకు పైగా తీయలేదు. అన్నపు పొట్లములు పడవలమీదను, హెలికాప్టరులమీదను, తుదకు డ్రోనులమీదను వచ్చినవి. నీరు తీసిన పిదప అగ్నిమాపక శకటములు వచ్చి ఇండ్లలోని బురదను కడిగినవి. మునిగిన క్రింది అంతస్తు కుటుంబమునకు 25,000 రూపాయలు, పై అంతస్తువారికి 10,000 రూపాయలు ప్రభుత్వమువారు ప్రకటించిరి.

వరద తీసెను గాని వాదము మిగిలెను. ఇది బుడమేటిని ఆక్రమించినవారి పాపమని కొందరనిరి. వెనుకటి పాలకులు గట్టును, కాలువను పట్టించుకొనలేదని ఒక పక్షమువారును, ఇప్పటి పాలకులు ముందుగా హెచ్చరింపకయే వెలగలేటివద్ద గేట్లెత్తిరని వేరొక పక్షమువారును ఒకరినొకరు దూషించుకొనిరి. భూమి వేడెక్కుటచే ఋతువులు గతి తప్పినవనియు, మానవమాత్రు డేమి చేయగలడనియు మరికొందరు నిట్టూర్చిరి. ఇంకొక తెగవారు, ముఖ్యముగా పెద్దలు, "బెజవాడకు ఎండయు వరదయు క్రొత్తవా? మా చిన్ననాడు చూడని వానలా?" అని అన్నిటిని కొట్టివేసిరి.

ఇది అరుగులమీది కాలక్షేపపు వాదమని మన సోదరీమణులు తలపరాదని మా మనవి. తప్పు ఎవరిదని తేలినదో దానినిబట్టియే ఆ యిల్లు బాగుచేయించుకొనవలెనో, అమ్ముకొనవలెనో తేలును. మరల ఇట్టి వాన నూరేండ్లకు గాని రాదని నమ్మిన యిల్లాలు కొత్త పరుపు కొనును. ఐదేండ్లలో వచ్చునని యెరిగిన యిల్లాలు ముందుగా అటక కట్టించును.

మొదట బుడమేటి సంగతి విచారింతము. ఈ యేరు మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి, దారిలో వాగులను కలుపుకొని, విజయవాడకు ఉత్తరముగా ప్రవహించి కొల్లేటిలో కలియును. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండ సముద్రమును చేరును. ఎండకాలమున దీనిని చూచినవారు మురుగుకాలువ యనుకొందురు. అట్లనుకొనుటయే అనర్థములకు మూలము. ఏడాదిలో పదినెలలు ఒదిగియున్న యేటిని చూచి, ఇంత భూమి దీనికేల యని జనులు దాని కడుపులోనికి ఇండ్లు జరిపిరి. స్థలము లమ్మినవారు ధనవంతులైరి. కొన్నవారు పేదలును, అల్పవేతనములవారును. దిగువను కొల్లేరు సైతము చేపల చెరువుల గట్లతో బిగిసిపోయెను. 2006లో ప్రభుత్వము ఆ గట్లను తెగగొట్టించినను చెరువుల బాధ పూర్తిగా పోలేదు. వంటింటి తూములో గుడ్డ కుక్కి పెరటిలో నీళ్లు నిలిచినవని వగచుట వంటిదే యిది.

బుడమేటి వరదను ఊరికి తగులకుండ మళ్లించుటకు వెలగలేటివద్ద రెగ్యులేటరును, అచటినుండి ఇబ్రహీంపట్టణమువైపు కృష్ణలోనికి ఒక మళ్లింపు కాలువయు కలవు. ఏరు పొంగి కృష్ణ తగ్గియున్న నాడు ఈ యేర్పాటు చక్కగా పనిచేయును. రెండును ఒక్కమారే పొంగినచో? కాలువనీరు నదిలోనికి పోజాలదు. నదియే కాలువను వెనుకకు నెట్టును. 2024లో జరిగిన దిదియే. బంగాళాఖాతమున బుట్టిన వాయుగుండము కళింగపట్టణమువద్ద తీరము దాటుచు అటు తెలంగాణమునను ఇటు మన జిల్లాలలోను ఒక్కసారిగ కురిసెను. మొగలరాజపురమున కొండచరియ విరిగిపడి ప్రాణములు పోయినవి. ప్రకాశము బ్యారేజీవద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహము లెక్కకు వచ్చెను. 1957లో ఆ బ్యారేజీ తెరిచిన నాటినుండి అంతటి ప్రవాహము లేదు; 2009 అక్టోబరు నాటి 11.10 లక్షలే అంతవరకు హెచ్చు. పడవలు కొట్టుకొనివచ్చి గేట్లకు తగిలినవి. ఇటు మళ్లింపు కాలువ గట్టు మూడుచోట్ల తెగి, కొండనీరంతయు సింగునగరపు దారి పట్టెను. సైనికులు, ఇంజనీరులు రాత్రింబవళ్లు శ్రమించి గండ్లు పూడ్చుటకు సుమారు వారము పట్టెను.

కాబట్టి ఆక్రమణలు, నిర్లక్ష్యము కారణములుకావా యన్నచో, అగును, నిస్సంశయముగ అగును. ఐనను ఆక్రమణలు కొండమీద వాన కురిపింపలేవు. ఆ వాన మాట వేరుగ చూడవలసియున్నది.

వేడి గాలి హెచ్చు తడిని మోయును. వేసవిలో తడిచీర త్వరగా ఆరుటకు ఇదియు నొక కారణము. ఒక సెంటీగ్రేడు డిగ్రీ వేడి పెరిగిన గాలి సుమారు నూటికి ఏడుపాళ్లు అదనముగ నీటియావిరిని పట్టగలదని శాస్త్రము. ఆ యావిరి మేఘమై కురియునాడు ఆ యేడుపాళ్లును, ఒక్కొక్కప్పు డంతకు మించియు, మన నెత్తిని పడును. 2024లో భూగోళపు సగటు వేడి, యంత్రయుగమునకు ముందున్నదానికంటె సుమారు ఒకటిన్నర డిగ్రీ హెచ్చుగ నుండెను. మధ్యభారతమున నెల్లెడల ఒక్కమారుగ కురియు కుంభవృష్టులు 1950కిని 2015కును నడుమ మూడింతలైనవని మన దేశపు శాస్త్రజ్ఞులు 2017లో లెక్క తేల్చిరి. మొత్తము మీద వానకాలపు వాన పెరుగలేదు. అది కురియు తీరు మారినది. పది దినములలో నెమ్మదిగ కురియవలసినది రెండు దినములలో కుమ్మరించుచున్నది. రైతు కిది కరవుతో సమానము, పట్టణమున కిది వరద.

ఈ విషయమున మన వంటింటి అనుభవమే చాలును. పొయ్యిమంట పెంచిన యింటిలో పాలు పొంగు దినము లెక్కువగును. గిన్నె చిన్నదైనచో ఇంకను ఎక్కువగును. కాచునది ఏమరినచో చెప్పనక్కరలేదు. ఒకనాడు పొంగిన పాలను చూపి, ఇది మంటవలననా, గిన్నెవలననా, ఏమరుపాటువలననా యని పోట్లాడువారు ముగ్గురును కొంతకొంత నిజమే చెప్పుచున్నారు. మంట తగ్గింపనక్కరలేదు, గిన్నె మార్చినచో చాలు ననువాడును, గిన్నె యేదైన నేమి, తప్పంతయు మంటది యనువాడును మాత్రము పొయ్యి పాడుచేయుదురు. భూతాపమను మాటను కొందరు అధికారులు, వ్యాపారులు గొడుగువలె పట్టుకొని దాని నీడను తమ తప్పులను దాచుకొనుట మేము గమనించితిమి. అట్లని ఆ గొడుగును చూచి ఎండయే లేదనుట తగదు గదా.

ఇక "పూర్వమునుండి ఉన్నదే" అను పెద్దల మాట. దీనిని మేము తేలికగా త్రోసివేయము. 1864 నవంబరులో వచ్చిన ఉప్పెన బందరును తుడిచిపెట్టి సుమారు ముప్పదివేలమందిని మ్రింగెను. ఆనాడు మోటారులు లేవు. 1977 నవంబరు 19న దివిసీమలో పదివేలమందికి తక్కువ గాకుండ మరణించిరి. బెజవాడ ఎండ ఎంతటి దనగా, కట్టమంచి రామలింగారెడ్డిగారు ఆ యూరికి "బ్లేజువాడ" యని పేరు పెట్టిరని నేటికిని చెప్పుకొందురు. ఇవి యన్నియు సత్యములే. అంతేకాదు, బంగాళాఖాతములో తుఫానుల సంఖ్య పెరిగినదని శాస్త్రజ్ఞులే చెప్పుట లేదు. వారు చెప్పున దేమనగా, సముద్రము వేడెక్కినకొలది, వచ్చిన తుఫానులలో తీవ్రమైనవాని పాలు పెరుగుననియు, అవి తెచ్చు వాన హెచ్చుననియు. చావులు తగ్గుటకు గాలి మెత్తబడుట కారణము కాదు. ముందుగ హెచ్చరించు రాడారులు, ఉపగ్రహములు, తుఫాను గృహములు కారణములు. ఎండ మాటయు నట్లే. 2015 మే మాసపు వడగాడ్పులకు మన రాష్ట్రమున వేయిమందికి పైగా మరణించిరి. పూర్వము పగలు మండినను రాత్రి చల్లబడెడిది; ఇప్పుడు రాత్రులు వేడెక్కుటయే అసలు కీడు. రేకుల కప్పు క్రింద వంట చేసి, ఆ కప్పు క్రిందనే పండుకొను స్త్రీకి దేహము తేరుకొను గడియ లేకుండ పోవుచున్నది.

సరే, వేడి పెరిగినదే యనుకొందము; అది సూర్యుని లీల ఏల కారాదు? ఈ ప్రశ్న వేయువారు చదువుకొన్నవారిలోను కలరు. దీనికి మొదటి సమాధానము సమకూర్చినది ఒక స్త్రీయని మన పాఠకురాండ్రలో పలువు రెరుగరు. అమెరికా దేశపు యూనిస్ ఫూట్ అను ఆమె 1856లో గాజు గొట్టములలో వేర్వేరు వాయువులను నింపి, లోపల ఉష్ణమాపకముల నుంచి, ఎండలో పెట్టి చూచెను. బొగ్గుపులుసు వాయువు నింపిన గొట్టము అన్నిటికంటె హెచ్చుగ కాగెను. నీడలోనికి తెచ్చిన పిమ్మటను చాలసేపు చల్లారలేదు. గాలిలో ఈ వాయువు పెరిగినచో భూమి వేడెక్కునని ఆమె అప్పుడే వ్రాసెను. ఆ వ్యాసమును పండితసభలో చదివినది మాత్రము ఆమె గాదు, ఒక పురుషుడు. తరువాత మూడేండ్లకు టిండాలు అను శాస్త్రజ్ఞుడు నిశితమైన ప్రయోగములు చేసి కీర్తి గాంచెను. ఆమె పేరు నూటయేబదియేండ్లు మరుగుపడియుండెను.

ఆనాడు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లకంటె కొంచెము మాత్రమే హెచ్చుగనున్న ఆ వాయువు నేడు 420 దాటినది. క్రొత్తగా చేరినది గనిబొగ్గు, చమురులనుండి వచ్చినదని దాని కర్బనమును పరీక్షించియే తెలిసికొనవచ్చును. కోట్లయేండ్లు భూగర్భమున నున్న కర్బనమునకు నేటి చెట్ల కర్బనముతో పోలిక లేదు. సూర్యుడే కారణమైనచో మీదిగాలియు క్రిందిగాలియు రెండును కాగవలెను. కాని క్రిందిగాలి వేడెక్కుచుండగ, మిక్కిలి యెత్తుననున్న గాలి చల్లబడుచున్నది. దుప్పటి కప్పుకొన్నవాని యొళ్లు వేడెక్కి, దుప్పటిపై గాలి చల్లగనుండుట మన మెరిగినదే గదా.

ఐనను ప్రతి కష్టమును భూతాపము తలకు చుట్టుట మాకు సమ్మతము గాదు. మన డెల్టా అంచునే చూడుడు. కృష్ణ సముద్రమున గలియు నాగాయలంక, కోడూరు ప్రాంతములలో తీరము కోసుకొనిపోవుచున్నది, ఉప్పునీరు బావులలోనికి ప్రాకుచున్నది. ఇది సముద్రమట్టము పెరుగుటవలన ననువారు కలరు. 1900 తరువాత ప్రపంచమున సముద్రమట్టము సగటున జానెడు పెరిగిన మాట నిజము. కాని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు భూగోళశాస్త్రజ్ఞులు పటములను పోల్చి చూచి, ఇంకొక కారణమును చూపిరి. నాగార్జునసాగరము, శ్రీశైలము మొదలగు జలాశయములు నదిలోని ఒండ్రుమట్టిని పట్టివేయుచున్నవి. ఏటేట క్రొత్తమట్టి పడి పెరుగవలసిన డెల్టా ఆ పోషణ లేక కృశించుచున్నది. ఆ జలాశయముల నీటితోనే మన పొలములు పండినవి, మన దీపములు వెలిగినవి. వానిని నిందించుటకు నోరాడదు. అట్లని ఒండ్రు సంగతి చెప్పక సముద్రము నొక్కదానినే నిందించుట సత్యము గాదు.

అపరాధపు వంతుల మాటయు చెప్పవలెను. ఈ పొగ చాలభాగము ఐరోపా, అమెరికా ఖండములవారు నూటయేబదియేండ్లుగా విడిచినది. మన దేశమున తలకొక్కింటికి వచ్చు పొగ ప్రపంచపు సగటులో సగమునకును తక్కువ. కనుక మనకు నీతులు చెప్పుటకు వారికి ముఖము లేదను వాదము న్యాయమైనదే. ఐతే వాయువునకు న్యాయస్థానములు తెలియవు. బుడమేటి మళ్లింపు కాలువ కృష్ణలో చేరు చోటికి సమీపముననే, ఇబ్రహీంపట్టణమున, నార్ల తాతారావుగారి పేరిటి బొగ్గు విద్యుత్కేంద్రము కలదు. మన పంకాలు తిరుగునది కొంత ఆ పొగతోనే. దానిని రేపే మూసివేయు డనుట తెలివితక్కువ. ఆ పొగకును మన వానకును సంబంధమే లేదనుట అంతకంటె తెలివితక్కువ.

ఇల్లు కొనదలచిన సోదరీమణులకు ఒక మాట. దళారి చూపు కాగితములలో భూమి హద్దులుండును గాని నీటి హద్దుండదు. ఆ వీథిలో పాతకాపురమున్న యిల్లాలిని అడుగుడు: 2005లో బుడమేరు వచ్చినప్పుడు నీరెంతవరకు వచ్చినది? 2024లో ఎంత? ఎన్ని దినములు నిలిచినది? ఏ మూలనుండి మొదట వచ్చినది? కలరా ఉండ, బియ్యము, పత్రములు ఎచట దాచితిరి? ఆమె చేయి గోడమీద ఏ యెత్తున ఆగునో చూచి, అంతకు పైన గడప యున్నచో బేరమాడుడు. గేట్లెత్తుటకు ముందు ఏ కార్యాలయము వారు, ఎన్ని గంటల ముందుగ, ఏ విధముగ ఆ వీథివారికి తెలుపవలెనో పురపాలక సంఘమువారిని వ్రాతమూలకముగ అడుగుటకు ప్రతి గృహిణికిని హక్కు కలదు. వచ్చు వానకాలము జూన్ నెలలో మొదలగును.