స్పోర్ట్స్ కార్డులు: నకిలీల బెడద, గ్రేడింగ్‌పై నమ్మకం

బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ వంటి ఆటల్లో పేరున్నవారి బొమ్మలు అచ్చువేసిన చిన్న అట్టముక్కలను అమెరికాలో స్పోర్ట్స్ కార్డులంటారు. 19వ శతాబ్దం చివర్లో సిగరెట్ పెట్టెల్లో, ఆ తర్వాత బబుల్‌గమ్ పొట్లాల్లో ఇవి ఉచితంగా వచ్చేవి. పిల్లలు పోగేసుకున్నారు, మార్చుకున్నారు, చివరికి చాలామటుకు పారేశారు. చెక్కుచెదరకుండా మిగిలిన కొద్ది కార్డులే ఇప్పుడు భారీ ధరలు పలుకుతున్నాయి. 1952లో టాప్స్ కంపెనీ వేసిన మిక్కీ మ్యాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో జరిగిన వేలంలో కోటీ 26 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

కార్డు ధరను ఆటగాడి పేరు ఎంత నిర్ణయిస్తుందో, దాని స్థితీ అంత నిర్ణయిస్తుంది. మూలలు పదునుగా ఉన్నాయా, బొమ్మ సరిగ్గా మధ్యలో పడిందా, ఉపరితలం మీద గీతలున్నాయా అని కొనేవాళ్లు పట్టిపట్టి చూస్తారు. 1986లో ఫ్లియర్ కంపెనీ వేసిన మైకేల్ జోర్డాన్ కార్డు పదికి పది గ్రేడుతో 2021 జనవరిలో 7 లక్షల 38 వేల డాలర్లు తెచ్చింది. మూలలు నలిగిన అదే కార్డుకు కొన్ని వేల డాలర్లకు మించి రావు. కంటికి సరిగా ఆనని తేడా మీద లక్షల డాలర్లు ఆధారపడినప్పుడు మోసానికి దారి దొరుకుతుంది. ఆ మోసం మూడు రకాలు: కార్డునే కొత్తగా అచ్చువేయడం, అసలు కార్డుకు మెరుగులు దిద్దడం, కార్డు స్థితికి అంకె వేసే గ్రేడింగ్ సంస్థల పెట్టెను నకలు చేయడం.

మొదటి రకాన్ని పట్టుకోవడం కొంత తేలిక. అసలు కార్డులో బొమ్మ సన్నని రంగు చుక్కలతో ఏర్పడినా, నల్లటి అక్షరాలు, గీతలు సాధారణంగా ముద్దగా, తెగకుండా ఉంటాయి. స్కాన్ చేసి అచ్చువేసిన నకిలీలో అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. పదిరెట్లు పెద్దది చేసి చూపే భూతద్దంలో ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాల వాడకం రెండో ప్రపంచయుద్ధం తర్వాతే పెరిగింది. అందువల్ల 1910 నాటిదని చెప్పే కార్డు అతినీలలోహిత కాంతిలో నీలంగా మెరిస్తే దాన్ని అనుమానించాల్సిందే. అట్ట మందం, బరువు, వెలుగుకు అడ్డంపెట్టినప్పుడు కాంతి దాటే తీరు కూడా అసలు కార్డుతో పోల్చి చూస్తారు.

రెండో రకం కష్టమైనది, ఎందుకంటే అక్కడ కార్డు అసలుదే. అరిగిన అంచును వెంట్రుకవాసి కోస్తే మూల మళ్లీ పదునుదేరుతుంది. దీన్నే ట్రిమ్మింగ్ అంటారు. వెలిసిన చోట రంగు పూస్తారు, మడతలను తేమ పట్టించి అదిమి చదును చేస్తారు, మరకలను రసాయనాలతో తీస్తారు. ట్రిమ్మింగ్‌ను కొలబద్దతో తేల్చేయడం కుదరదు. ఫ్యాక్టరీలో కోసినప్పుడే కొన్ని కార్డులు కాస్త పెద్దవిగా, కొన్ని చిన్నవిగా వచ్చాయి. మోసగాళ్లు పెద్దవాటిని ఏరుకుని కోస్తే, కోసిన తర్వాత కూడా కొలత సరిగ్గానే ఉంటుంది. కోసిన అంచు తీరును, దాని పాతదనాన్ని చదవగలిగిన కన్ను మాత్రమే తేడా పట్టగలదు.

కొనేవాళ్లకు ఈ భయాలు తీర్చడానికే గ్రేడింగ్ సంస్థలు పుట్టాయి. 1991లో కాలిఫోర్నియాలో ప్రొఫెషనల్ స్పోర్ట్స్ ఆథెంటికేటర్, అంటే పీఎస్‌ఏ, మొదలైంది. ఆ దశాబ్దం చివరికి ఎస్‌జీసీ, బెకెట్ సంస్థలు కూడా రంగంలోకి వచ్చాయి. యజమాని రుసుము కట్టి కార్డు పంపితే, నిపుణులు పరిశీలించి 1 నుంచి 10 వరకు గ్రేడు వేస్తారు. తర్వాత దాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి, లేబుల్ మీద నంబరు ముద్రిస్తారు. ఈ పెట్టెనే స్లాబ్ అంటారు. గ్రేడింగ్ వచ్చాక దూరప్రాంతాల వాళ్లు కార్డును చేత్తో పట్టి చూడకుండానే కొనగలుగుతున్నారు. పొరపాటు రుజువైతే పరిహారం ఇచ్చే పద్ధతీ ఉంది. ఇది ఈ వ్యాపారానికి జరిగిన నిజమైన మేలు.

అయితే పీఎస్‌ఏ గ్రేడు వేసిన మొట్టమొదటి కార్డే వివాదంలో పడింది. పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఆటగాడు హోనస్ వాగ్నర్ బొమ్మతో 1909-11 మధ్య అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన కార్డు అది. ఆ వాగ్నర్ కార్డులు ప్రపంచం మొత్తంమీద కొన్ని పదులే మిగిలాయి. బిల్ మాస్ట్రో అనే వ్యాపారి 1985లో ఈ కార్డును 25 వేల డాలర్లకు కొన్నాడు. 1991లో హాకీ దిగ్గజం వేన్ గ్రెట్స్కీ, అతని జట్టు యజమాని బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4 లక్షల 51 వేల డాలర్లకు దక్కించుకున్నారు. ఆ ఏడాదే దానికి 8 గ్రేడు వచ్చింది. 2007 నాటికి దాని ధర 28 లక్షల డాలర్లకు చేరింది. అన్నేళ్ల పాత కార్డుకు అంచులు అంత పదునుగా ఎలా ఉన్నాయన్న అనుమానం మాత్రం పోలేదు. వేలంపాటల్లో మోసాలపై నడిచిన కేసులో 2013లో నేరం ఒప్పుకున్న మాస్ట్రో, ఈ కార్డు పక్క అంచులు తానే కోశానని కూడా అంగీకరించాడు. ఆ కేసులో 2015లో అతనికి 20 నెలల జైలుశిక్ష పడింది. కోసిన కార్డుకు అంకె గ్రేడు ఇవ్వకూడదన్నది గ్రేడింగ్‌లో మూల నియమం. ఆ నియమం అన్నిటికంటే ప్రసిద్ధమైన కార్డు దగ్గరే తప్పింది.

2019లో కొందరు కలెక్టర్లు పాత వేలంపాటల ఫొటోలను, తర్వాత స్లాబుల్లో కనిపించిన కార్డుల ఫొటోలను పక్కపక్కన పెట్టి పోల్చారు. అచ్చులోని చిన్నచిన్న లోపాల ఆధారంగా అవి ఒకే కార్డులని, మధ్యలో మెరుగులు దిద్దుకున్నాయని చాలా సందర్భాల్లో చూపించారు. నిపుణులు పట్టలేని మార్పులు ఫొటోల పోలికతో బయటపడ్డాయి.

ఈ పొరపాట్ల వెనుక కారణాలున్నాయి. గ్రేడు చివరికి మనిషి కంటిచూపు మీద, అనుభవం మీద ఆధారపడుతుంది. 9 వచ్చిన కార్డును పెట్టె పగలగొట్టి తీసి మళ్లీ పంపితే 10 రావచ్చు, 8 కూడా రావచ్చు. పని ఒత్తిడి మరో కారణం. కొవిడ్ కాలంలో కార్డుల మోజు పెరిగి, కోటికి పైగా కార్డులు పేరుకుపోవడంతో 2021 మార్చిలో పీఎస్‌ఏ చాలా రకాల సేవలను తాత్కాలికంగా ఆపేసింది. పైగా రుసుము కట్టేది కార్డు యజమానే, విలువ పెరిగేకొద్దీ ఆ రుసుమూ పెరుగుతుంది. తీర్పు చెప్పేవాళ్ల రాబడి తీర్పు కోరేవాళ్ల చేతుల్లో ఉన్న ఏ ఏర్పాటుకైనా బయటి నిఘా అవసరం.

మూడో రకం మోసానికి ఈ సంస్థలకున్న పేరే పెట్టుబడి. తక్కువ స్థాయి కార్డులను నకిలీ లేబుళ్లున్న పెట్టెల్లో ఉంచి, 20 లక్షల డాలర్లకు పైగా మోసానికి పాల్పడ్డారంటూ 2024 మేలో న్యూయార్క్ ఫెడరల్ ప్రాసిక్యూటర్లు ఇద్దరిపై అభియోగాలు మోపారు. వాటిలో జోర్డాన్ 1986 కార్డు కూడా ఉంది. అసలు స్లాబ్ మీది నంబరునే నకిలీపై ముద్రిస్తే, సంస్థ వెబ్‌సైట్‌లో వెతికినప్పుడు అది సరైనదిగానే కనిపిస్తుంది. దీన్ని అడ్డుకోవడానికి లేబుళ్లపై హోలోగ్రాములు వేస్తున్నారు, కార్డుల ఫొటోలు భద్రపరుస్తున్నారు. కార్డును బొమ్మ ఆధారంగా గుర్తుపట్టే సాంకేతికత కోసం పీఎస్‌ఏ మాతృసంస్థ 2021లో జెనమింట్ అనే కంపెనీని కొన్నది. ఒకసారి నమోదైన కార్డు రూపుమారి తిరిగి వస్తే ఇది పట్టగలదు. అంతకుముందే కోసేసిన కార్డు విషయంలో దీని సాయం తక్కువ.

బంగారం మీద హాల్‌మార్క్ ఒక కొలతకు సాక్ష్యం. ఎవరు పరీక్షించినా స్వచ్ఛత ఒకటే రావాలి. కార్డు గ్రేడులో మాత్రం మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు కలిసిపోయి ఉంటాయి. కార్డు అసలుదా అన్నదానికి గ్రేడింగ్ సంస్థల జవాబు చాలావరకు నమ్మదగింది. దానికి మెరుగులు దిద్దారా అన్నచోట వాటి పట్టు బలహీనం. 9కీ 10కీ మధ్య తేడా మాత్రం నిపుణుల అభిప్రాయమే. కొనేవారు వీటిని విడదీసి చూడాలి. పేరున్న సంస్థ స్లాబ్ అయితేనే తీసుకోవాలి, నంబరుతో పాటు సంస్థ దగ్గరున్న ఫొటోను చేతిలోని కార్డుతో పోల్చాలి, పెట్టె అతుకులు గమనించాలి, అంతకుముందు ఎక్కడెక్కడ అమ్ముడైందో ఆరా తీయాలి. చివరి ఒక్క పాయింటు కోసం ఎన్నోరెట్లు ఎక్కువ ధర కట్టేవాళ్లు, తాము కొంటున్నది ఒక అభిప్రాయాన్నేనని తెలిసి కట్టాలి.