అడవిని తూచటం ఎలా?

సంచికకి సైన్సు వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు నాకు ముందు కాస్త భయం వేసింది. మన సంచికలో కథలకీ కవితలకీ ఉన్న గిరాకీ సైన్సు వ్యాసాలకి ఉండదని నాకు తెలియంది కాదు. అందుకని, మీరు పేజీ తిప్పేసేలోపలే ఒక ప్రశ్న అడిగేస్తాను. విశాఖ నించి అరకు వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చుని, సొరంగానికీ సొరంగానికీ మధ్య ఆ కొండల్ని మీరంతా చూసే ఉంటారు. ఆ కొండల మీదున్న అడవి బరువెంతో ఎప్పుడైనా ఆలోచించారా?

నేనూ ఆలోచించలేదు, ఎమ్మెస్సీ ప్రాజెక్టు పేరుతో ఆ పని నా నెత్తిన పడేదాకా. ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించే ఈ వ్యాసం.

అసలెందుకు తూచాలి?

చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని, ఎండ సాయంతో దాన్ని కలపగానూ ఆకుగానూ వేరుగానూ మార్చుకుంటుందని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాం. ఎండిన కలప బరువులో సుమారు 47 శాతం కర్బనమే. 1958లో ఛార్లెస్ కీలింగ్ హవాయి దీవుల్లోని మౌనాలోవా కొండ మీద ఈ వాయువుని కొలవటం మొదలుపెట్టినప్పుడు గాలిలో అది పదిలక్షల పాళ్ళకి 315 పాళ్ళ దాకా ఉండేది. ఇప్పుడది 420 దాటిపోయింది. మనం బొగ్గూ పెట్రోలూ తగలేసి వదిలేదాంట్లో సగటున పావు వంతుకి పైగా నేల మీది చెట్టూచేమా, మట్టీ కలిసి మింగకపోతే ఆ అంకె ఇంకా పైన ఉండేది. 2030 నాటికి అడవుల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల బొగ్గుపులుసు వాయువుని ఇముడ్చుకుంటామని మన దేశం 2015లో ప్రపంచానికి మాట ఇచ్చింది. మాట ఇచ్చిన తరువాత లెక్క చెప్పాలి కదా!

ఈ లెక్కని బ్యాంకు పాస్‌బుక్కుతో పోల్చుకోవచ్చు. అడవిలో ఉన్న కర్బనం నిల్వ. ఏటా పెరిగే కలపా ఆకూ జమ. కుళ్ళేదీ కాలేదీ నరికేదీ ఖర్చు. నిల్వ ఒక్కటే తెలిస్తే చాలదు. జమాఖర్చులు కూడా తెలిస్తేనే ఆ అడవి బాగుపడుతోందో దివాలా తీస్తోందో తేలుతుంది. శాస్త్రజ్ఞులు కర్బనచక్రం అనేది ఈ జమాఖర్చులనే.

టేపు పట్టుకుని

చెట్టుని నిజంగా తూచాలంటే కొట్టి కాటా మీద పెట్టాలి. అడవిని రక్షించటానికి అడవిని నరికినట్టవుతుంది. అందుకని గతంలో రకరకాల పనుల కోసం కొట్టి తూచిన చెట్ల కొలతల నుంచి సూత్రాలు కట్టారు. వాటిలో ఎక్కువగా వాడేది 2014లో జెరోమ్ షావ్, ఆయన సహచరులు ఉష్ణమండల దేశాల్లోని నాలుగు వేలకి పైగా చెట్ల కొలతలతో తయారుచేసిన సూత్రం. దానికి మూడే మూడు కావాలి: మాను అడ్డుకొలత, చెట్టు ఎత్తు, కలప సాంద్రత.

మొదటిది టేపుతో తేలుతుంది. నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో, అంటే మనిషి రొమ్ము ఎత్తులో, మాను చుట్టుకొలత తీసి దాన్నించి అడ్డుకొలత కట్టాలి. వాలులో ఉన్న చెట్టుకైతే ఎగువ వైపు నిలబడి కొలవాలి. రెండోది, కోణం చూసే చిన్న పరికరంతో దూరాన్నించి కట్టే త్రికోణమితి లెక్క. మూడోదే చిక్కు. ఏ చెట్టో తెలిస్తేగాని సాంద్రత తెలియదు. 40 సెంటీమీటర్ల మాను, 18 మీటర్ల ఎత్తు ఉన్న రెండు చెట్లు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. ఒకటి బూరుగు, రెండోది చిరుమాను. సాంద్రతలు సుమారు 0.33, 0.8 వేసి సూత్రంలో పెడితే బూరుగు 500 కిలోల పైచిలుకు, చిరుమాను 1200 కిలోల పైచిలుకు తూగుతాయి. చూపుకి కవలలే, బరువుకి రెండింతల పైన తేడా!

మాకు చెట్ల పేర్లు చెప్పింది ఆ కొండ కింది ఊరి తాత ఒకాయన. మేం పుస్తకం తిరగేసి ఆకు కాడ ఎలా ఉందో చూసేలోపల ఆయన బెరడు మీద గోరుతో గీకి, వాసన చూసి, "వేగిస, రాసుకో బాబూ" అనేవారు. మా ప్రాజెక్టు నివేదికలో సాంద్రతల పట్టిక ఉంది గాని, అది ఆయన ముక్కు మీద ఆధారపడి ఉందని ఎక్కడా లేదు. ఇక్కడైనా చెప్పటం న్యాయం.

మా మొదటి తప్పు

మనదేశంలో సాధారణంగా పదోవంతు హెక్టారు మడి తీసుకుంటారు. నలుచదరంగా పక్కకి 31.62 మీటర్లు. నేనూ నా స్నేహితుడూ తాడు పట్టుకుని, జారుతూ పడుతూ, కొండ వాలు వెంబడి సరిగ్గా 31.62 మీటర్లు కొలిచి మేకులు పాతాం. వాలు 30 డిగ్రీలని పుస్తకంలో రాసుకున్నాం కూడా. రాసుకుని మరిచిపోయాం!

తిరిగొచ్చాక మాస్టారు ఆ పుస్తకం చూసి ఒక్కటే మాట అన్నారు. "కొండ ఒంటి కొలత వేరు, దాని నీడ కొలత వేరు. పటంలో ఉండేది నీడే."

నడినెత్తిన ఎండ పడితే కొండ నీడ ఎంత నేల ఆక్రమిస్తుందో, పటంలో ఆ కొండ విస్తీర్ణం అంతే. ఉపగ్రహ చిత్రాన్ని సరిదిద్ది పటంగా మార్చినా అదే లెక్క. 30 డిగ్రీల వాలు మీద 31.62 మీటర్ల నీడ కావాలంటే తాడు 36.5 మీటర్లు సాగాలి. మేం కొలిచిన మడి పదోవంతు హెక్టారు కాదు, 0.0866 హెక్టారే. చిన్న మడిలోని చెట్లని పెద్ద మడిలోవని చెప్పాం. అంటే అడవిని 13 శాతానికి పైగా తక్కువ చేసి చూపించామన్నమాట. దారుణమేమిటంటే, చదునునేల మీద ఈ తప్పు ఉండదు. వాలు ఎక్కువైనకొద్దీ పెరుగుతుంది. కాబట్టి "ఎత్తుకి పోయేకొద్దీ అడవి పలచబడుతోంది" అని మేం ఎంతో గొప్పగా గీసుకున్న గ్రాఫులో కొంత అడవి గుణం, కొంత మా తాడు గుణం.

ఆకాశం నించి

ఇలాంటి మడులు ఎన్ని వెయ్యగలం? ముప్పయ్యో నలభయ్యో. తక్కిన కొండలన్నిటికీ ఉపగ్రహమే దిక్కు. 1972లో అమెరికా లాండ్‌శాట్ మొదటి ఉపగ్రహాన్ని పంపింది. 1988లో మన ఐఆర్‌ఎస్-1ఏ ఎగిరింది. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: వీటిల్లో ఏదీ కర్బనాన్ని చూడలేదు. అవి చూసేది కాంతిని. ఆకు ఎరుపు కాంతిని మింగేసి, కంటికి కనపడని పరారుణ కాంతిని తిరగ్గొడుతుంది. ఆ రెండిటి తేడాని బట్టి పచ్చదనం ఎంతో చెప్పచ్చు. ఈ పచ్చదనానికీ మన మడుల్లో తేలిన బరువులకీ లంకె కట్టి, మిగతా కొండల బరువు ఊహిస్తారు. అంటే ఉపగ్రహానికి అక్షరాభ్యాసం చేయించేది టేపు పట్టుకున్న మనిషే. టేపు తప్పితే ఉపగ్రహం ఆ తప్పుని జిల్లా అంతటికీ శ్రద్ధగా పంచిపెడుతుంది.

పచ్చదనం వేరు, బరువు వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అరకు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లు విరిగిపడ్డాయి. ఇలా చెట్లు పడిపోయిన చోట రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి లంటానా, తీగలూ కమ్ముకుంటాయి. పైనించి చూస్తే మళ్ళీ పచ్చగానే ఉంటుంది. పచ్చదనం తిరిగొచ్చినా కలప బరువు రావటానికి దశాబ్దాలు కావాలి. చిక్కటి అడవిలో ఇంకో ఇబ్బంది. ఒక స్థాయి దాటాక అడవి ఇంకెంత బరువెక్కినా పచ్చదనం అంకె కదలదు.

అందుకే రాడార్లు వచ్చాయి. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఇస్రో, నాసా కలిసి పంపిన నైసార్ 24 సెంటీమీటర్ల పొడవు తరంగాలని కూడా వాడుతుంది. అవి మబ్బుల్నీ ఆకుల్నీ దాటుకుపోయి కొమ్మలకీ మానుకీ తగిలి తిరిగొస్తాయి. ఏడాదిలో నాలుగు నెలలు మబ్బు కప్పుకునే మన కొండలకి ఇది వరమే. ఇక 2018 చివర్లో అంతరిక్ష కేంద్రానికి పంపిన గెడీ అనే పరికరం లేజరు కాంతిని కిందికి వదిలి, చెట్టు కొసకి తగిలినదానికీ నేలకి తగిలినదానికీ మధ్య తేడా పట్టి ఎత్తు చెపుతుంది. దాని వెలుగు నేల మీద 25 మీటర్ల చుక్కగా పడుతుంది. చదునులో ఫరవాలేదు. 30 డిగ్రీల వాలులో ఆ చుక్క ఒక అంచుకీ రెండో అంచుకీ 14 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. అక్కడ చెట్టు ఎత్తేదో కొండ ఎత్తేదో విడదీయటం కష్టం.

రెండు వాలుల కథ

ఇప్పుడు మా రెండో తప్పు. తాడు లెక్క సరిచేసి, మా మొదటి పటం తయారుచేశాం. ఒక గెడ్డకి అటూ ఇటూ రెండు వాలులు. తూర్పు ముఖంగా ఉన్నది దట్టమైన అడవి అని వచ్చింది. పడమటి ముఖంగా ఉన్నది "క్షీణించిన అడవి" అని ఎర్రరంగులో వచ్చింది. ఆ ఎర్రరంగు కిందనే తాతగారి ఊరు. ఏజెన్సీలో అడవి క్షీణించిందంటే ముందు అనేమాట పోడు. మేం కూడా నివేదిక చిత్తుప్రతిలో అదే మాట రాసేశాం.

చివరి విడత వెళ్ళినప్పుడు ఆ పటం కాగితం తాతగారికి చూపించాను, మా గొప్ప కాస్త తెలియాలని. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పించుకుని, ఎర్రరంగు అంటే ఏమిటని అడిగారు. చెప్పాను.

"మా తాతలు కూడా ఆ కొండ మీద గొడ్డలెట్టలేదు బాబూ. అది దేవుడి కొండ. ఒకసారి పొద్దున్నే రా."

మర్నాడు పదిన్నరకి అక్కడ నిలబడ్డాం. తూర్పు వాలు ఎండలో మెరిసిపోతోంది. పడమటి వాలు ఇంకా నీడలోనే ఉంది. మేం వాడిన ఉపగ్రహం మన మీదుగా పోయేది సరిగ్గా ఆ వేళకే! నీడలోంచి తక్కువ కాంతి వస్తుంది, తక్కువ కాంతిని మా లెక్క తక్కువ అడవిగా చదివింది. కాంతుల నిష్పత్తి తీసి ఉంటే ఈ తప్పు కొంత తగ్గేది, మేం నేరుగా విలువలే వాడాం. తరువాత కార్టోశాట్-1 జంట చిత్రాల నుంచి తయారైన ఎత్తుల పటంతో ఏ వాలుకి ఎంత ఎండ పడుతుందో కట్టి సరిచేశాం. పడమటి వాలులో రెండు కొత్త మడులు వేశాం. అక్కడి అడవి తూర్పుదానికి ఏమీ తీసిపోలేదు.

చిత్తుప్రతిలో ఆ వాక్యం కొట్టేశాను. కాని ఆయన ఆ కాగితం చూడకపోయుంటే? నీడకి ఒక ఊరు దోషి అయి ఉండేది. ఈ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

జమాఖర్చులు

నిల్వ గురించే ఇంతసేపు చెప్పాను. జమ కోసం మాను చుట్టూ లోహపు పట్టీ బిగించి, ఏటా అది ఎన్ని మిల్లీమీటర్లు సాగిందో చూస్తారు. రాలే ఆకుని పట్టటానికి వలగుడ్డ కట్టి, పదిహేను రోజులకోసారి ఎండబెట్టి తూస్తారు. మట్టి ఊపిరిని కొలవటానికి నేల మీద డబ్బా బోర్లించి, లోపల బొగ్గుపులుసు వాయువు ఎంత వేగంగా పెరుగుతోందో చూస్తారు. కొన్నిచోట్ల ఎత్తయిన స్తంభం మీంచి అడవి పీల్చేదీ వదిలేదీ నేరుగా కొలుస్తారు. కొండల్లో దానికీ తిప్పలే. రాత్రిపూట చల్లగాలి బరువెక్కి లోయలోకి జారుతూ ఆ వాయువుని తనతో పట్టుకుపోతుంది. స్తంభం దగ్గర పరికరం మాత్రం అడవి ఏమీ వదల్లేదనుకుంటుంది!

ఇంత కష్టమైనా శాస్త్రజ్ఞులు కొండల్నే ఎంచుకోవటానికి కారణముంది. కిలోమీటరు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. వేడి మారితే అడవి ఏమవుతుందో తెలుసుకోవటానికి ప్రకృతే కట్టిపెట్టిన ప్రయోగశాల అది. దక్షిణ అమెరికాలో, పెరూ దేశపు కోస్‌న్యిపాత లోయలో, అమెజాన్ మైదానం నుంచి ఆండీస్ మీదికి మూడు కిలోమీటర్ల ఎత్తు దాకా మడులు వేసి, యాద్విందర్ మల్హీ తదితరులు ఏళ్ళ తరబడి ఈ జమాఖర్చులు రాశారు. పైకి పోయేకొద్దీ చెట్ల పెరుగుదల తగ్గింది, కుళ్ళటమూ నెమ్మదించింది. అందువల్ల పైన మట్టిలో కర్బనం ఎక్కువకాలం నిలవ ఉంటుంది. మన దేశపు అడవుల్లోనూ సగానికి పైగా కర్బనం మట్టిలోదే. అది ఏ ఉపగ్రహానికీ కనపడదు. గునపం పట్టాల్సిందే.

మిత్రులారా, ఉపగ్రహాలు వద్దని నేననటంలేదు. అవి లేకపోతే మా ముప్పయ్యో నలభయ్యో మడులు సముద్రంలో కాకిరెట్ట. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫలానా కొండ మీద ఇన్ని టన్నుల కర్బనం ఉందని రంగుల పటం ఎవరైనా మీకు చూపిస్తే, అటూ ఇటూ ఎంత తేడా ఉండచ్చో అడగండి. వాలుకీ నీడకీ సరిచేశారా అని అడగండి. వీలైతే ఆ కొండ కింద ఉండేవాళ్ళకి ఒకసారి చూపించారా అని కూడా అడగండి.

ఈసారి అరకు రైల్లో వెళ్ళేటప్పుడు పొద్దుటిపూట కిటికీలోంచి చూడండి. నీడలో నల్లగా కనపడే వాలులో కూడా అడవి ఉంటుంది.