పాన్‌దాన్ తూకానికి వేస్తున్నారా? ముందు ఒకసారి తుడిచి చూడండి

ఇల్లు మారే రోజు. సామాను సర్దుతుంటే అటక మీద నుంచి ఒక నల్లటి పాన్‌దాన్ బయటపడుతుంది. దాదీమా జహేజ్‌లో వచ్చిందని ఇంట్లో ఎవరికో లీలగా గుర్తు. ఇప్పుడు ఆ ఇంట్లో పాన్ వేసుకునేవాళ్ళు లేరు. మూత బిగుసుకుపోయింది, పైనంతా దుమ్ము, జిడ్డు. అదే సమయానికి వీధిలో పాత సామాన్ల బండి వస్తుంది. బండివాడు తూకం వేస్తాడు, నాలుగు నోట్లు చేతిలో పెడతాడు. అయిదు నిమిషాల్లో పని అయిపోతుంది.

అదే కుటుంబం ఇంకో ఆదివారం పిల్లల్ని తీసుకుని హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్తుంది. టికెట్ కొనుక్కుని, లైన్లో నిలబడి, అద్దాల వెనక ఉన్న నల్లటి పాన్‌దాన్ ముందు ఆగుతుంది. "ఎంత బాగుందో!" అని ఫోన్‌లో ఫొటో తీసుకుంటుంది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

అటక మీద ఉన్నదీ, అద్దాల వెనక ఉన్నదీ ఒకే రకం పనితనం కావచ్చు. మ్యూజియంలో దాని పక్కన పేరు రాసిపెట్టి ఉంటుంది. ఇంట్లో ఆ పేరు చెప్పే పెద్దవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. అందుకే ఇంట్లో ఉన్న కొన్ని వస్తువులు ఎలా తయారవుతాయో ఒకసారి తెలుసుకుంటే మంచిది. తెలిశాక వాటిని చూసే చూపే మారిపోతుంది.

ఆ నలుపు ఎక్కడిది?

నల్లటి లోహం మీద తెల్లగా మెరిసే పూలు, తీగలు ఉంటే అది చాలావరకు బిద్రీ పని. పేరు బీదర్ నుంచి వచ్చింది. ఇప్పుడు బీదర్ కర్ణాటకలో ఉంది గానీ 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. అందుకే హైదరాబాద్ పాత ఇళ్ళల్లో పాన్‌దాన్, హుక్కా, సురాహీ, ఉగల్‌దాన్ లాంటివి బిద్రీవి కనిపిస్తాయి.

దాని అసలు లోహం నల్లగా ఉండదు. దాదాపు పదహారు పాళ్ళ జింకులో ఒక పాలు రాగి కలిపి కరిగిస్తారు. మట్టి అచ్చులో పోస్తారు. బయటికి వచ్చిన వస్తువు బూడిద రంగులో, గరుకుగా ఉంటుంది. ఆకురాయితో రాసి నునుపు చేస్తారు. తర్వాత మైలుతుత్తం నీళ్ళు పూస్తే పైన కాసేపటికి నల్లబడుతుంది. ఇది తాత్కాలిక నలుపు. దాని మీద గీత గీస్తే తెల్లగా కనబడుతుంది కాబట్టి పనివాడు చేత్తోనే పూలు, ఆకులు గీస్తాడు. కాగితం మీద నమూనా కూడా చాలాసార్లు ఉండదు, చెయ్యికి అలవాటైపోయి ఉంటుంది.

ఆ గీతల వెంట సన్నని ఉలితో చెక్కుతాడు. చెక్కిన గాడిలో వెండి తీగ గానీ, వెండి రేకు ముక్క గానీ పెట్టి చిన్న సుత్తితో కొట్టి దించుతాడు. జిగురు ఉండదు, అతుకు ఉండదు. గాడి అంచులే వెండిని పట్టుకుంటాయి. తీగతో చేసే పనిని తార్‌కషీ అంటారు. అష్రఫీ బిళ్ళల్లా గుండ్రంగా వరసగా ఉండే పూలకు 'అష్రఫీ కీ బూటీ' అని పేరు.

ఇక్కడే అసలు వింత. వెండి దించడం అయ్యాక వస్తువంతా మళ్ళీ రాసి మెరుగు పెడతారు. దాంతో తాత్కాలిక నలుపు పోతుంది. జింకు తెలుపూ వెండి తెలుపూ కలిసిపోయి, రోజుల తరబడి చేసిన పని దాదాపు కనిపించకుండా పోతుంది. కొత్తవాళ్ళు చూస్తే పని పాడైపోయిందనుకుంటారు.

అప్పుడు బీదర్ పాత కోట మట్టి తెస్తారు. ఏళ్ళ తరబడి ఎండా వానా తగలని చోటు నుంచి తీసిన మట్టి అది. మట్టి పనికొస్తుందా లేదా అన్నది అనుభవం ఉన్నవాళ్ళు నాలుక మీద పెట్టుకుని రుచి చూసి చెబుతారు. దాన్ని నవాసారంతో కలిపి నీళ్ళలో వేసి, వస్తువును కొద్దిగా వేడి చేసి, ఆ మట్టితో రుద్దుతారు. జింకు, రాగి కలిసిన లోహం కాటుకలా నల్లబడుతుంది. వెండికి మాత్రం ఏమీ కాదు. మాయమైన పూలన్నీ ఒక్కసారిగా తెల్లగా తేలి పైకొస్తాయి. చివర్లో కొంచెం నూనె రాస్తే నలుపు ఇంకా చిక్కబడుతుంది.

లోహంలో ఉన్న ఆ కాస్త రాగే ఇక్కడ కీలకం. అది లేకపోతే ఇంత నలుపు పట్టదు. ఈ లెక్కలు మొదట పట్టుకున్న కారిగర్లు లాబొరేటరీల్లో చదువుకోలేదు. తండ్రి దగ్గర కొడుకు, ఉస్తాద్ దగ్గర షాగిర్ద్ చూసి నేర్చుకున్నారు. ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. బీదర్‌కు చెందిన షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ ఇచ్చారు.

మీ ఇంట్లో ఉన్నది బిద్రీయేనా?

కొన్ని గుర్తులు ఉన్నాయి. చేతిలోకి తీసుకుంటే చూసినదానికన్నా బరువు ఎక్కువ అనిపిస్తుంది. అయస్కాంతం పెడితే అంటుకోదు. అయస్కాంతం అంటుకుంటే అది ఇనుము మీద వేసిన నల్ల రంగు అయ్యుండొచ్చు. మెత్తటి గుడ్డతో ఒక మూల తుడిస్తే వెండి గీత తళుక్కుమంటుంది. చాలా ఏళ్ళు వాడకపోతే వెండి కూడా మసకబారి నలుపులో కలిసిపోతుంది కాబట్టి పైపైన చూసి తేల్చకూడదు. తూకానికి వేసేవాడి లెక్కలో ఆ వెండి గానీ, ఆ చేతిపని గానీ రావు. లోహం బరువు ఒక్కటే వస్తుంది.

శుభ్రం చేసేటప్పుడు జాగ్రత్త. ఇత్తడి చెంబును తోమినట్టు చింతపండు, నిమ్మకాయ పెట్టి తోమొద్దు. పులుపు జింకును తినేస్తుంది, ఆ నలుపు పోతుంది. స్టీలు పీచు అసలే వద్దు. మెత్తటి గుడ్డ, రెండు చుక్కల కొబ్బరినూనె చాలు. కింద పడేయకూడదు కూడా. జింకు రాగిలా వంగదు, పగులుతుంది.

మేకు లేని రెహాల్

బిద్రీ అందరి ఇళ్ళల్లో ఉండకపోవచ్చు. రెహాల్ మాత్రం దాదాపు ప్రతి ఇంట్లో ఉంటుంది. ఖురాన్ చదివేటప్పుడు తెరిచి పెడతాం, చదివాక మడిచి పైన పెడతాం. పిల్లలు రోజూ చూసే వస్తువే. ఒకరోజు వాళ్ళ చేతికిచ్చి "ఇందులో మేకు ఎక్కడుందో చూపించు" అని అడిగి చూడండి.

చేత్తో చేసిన పాతకాలం రెహాల్‌లో మేకు ఉండదు, జిగురు ఉండదు. రెండు పలకల్ని కలిపి చేసింది కూడా కాదు. ఒకే చెక్క. వడ్రంగి ఆ చెక్కను పైనుంచి మధ్య దాకా, కింద నుంచి మధ్య దాకా మందంలోకి చీలుస్తాడు. మధ్యలో కొంత మేర వదిలి, అక్కడ రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు పళ్ళు చెక్కుతాడు. చివరి ఉలి దెబ్బతో చెక్క రెండు రెక్కలుగా విచ్చుకుంటుంది. తిరుగుతుంది గానీ విడిపోదు. ఒక్క పన్ను తప్పుగా చెక్కినా ఆ చెక్క అంతా వృథా.

కళాయి పొగ

వలీమా భోజనంలో బిర్యానీ రుచి గురించి మాట్లాడుకుంటాం, డేగ్ గురించి ఎవరూ మాట్లాడరు. రాగి వేడిని త్వరగా, అన్ని వైపులకూ సమానంగా పంచుతుంది. అందుకే పెద్ద వంటకు రాగి డేగ్. కానీ పెరుగు, నిమ్మ, టమాటా లాంటి పులుపు తగిలితే రాగి వంటలోకి దిగుతుంది, చిలుము పడుతుంది, అది విషమే. దానికి అడ్డుగోడ కళాయి.

కళాయి పూసేవాడు గిన్నెను బాగా తోమి, నిప్పుల మీద కాలుస్తాడు. లోపల కాస్త నవాసారం చల్లగానే తెల్లటి పొగ గుప్పున లేస్తుంది. నవాసారం రాగి మీద ఉన్న మైలను తీసేస్తుంది. వెంటనే తగరం ముక్క తాకిస్తాడు. తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది. దూదితో గిన్నె చుట్టూ ఒక్క తిప్పు తిప్పుతాడు. ఎర్రగా ఉన్న గిన్నె కళ్ళ ముందే వెండిలా మారిపోతుంది. ఒకప్పుడు ఈ పని వీధి మొగలో జరిగేది, పిల్లలంతా చుట్టూ మూగేవారు. స్టీలు, అల్యూమినియం వచ్చాక ఆ కొలిమి చాలా వీధుల్లో ఆరిపోయింది. బీదర్‌లో పూలను పైకి తెచ్చే నవాసారం, వీధిలో గిన్నెను మెరిపించే నవాసారం ఒకటేనన్న సంగతి చాలామందికి తెలియదు.

కోస్తా జిల్లాల కుటుంబాలకు ఇంకో నలుపు బాగా దగ్గర. మచిలీపట్నం పక్కన పెడనలో కలంకారీ బట్ట మీద నల్ల గీత చూసే ఉంటారు. పాత ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్ళలో రోజుల తరబడి ఊరబెడితే వచ్చే రసం అది. బట్టను ముందే కరక్కాయ రసంలో ముంచి ఉంచుతారు కాబట్టి అచ్చు పడగానే నల్లబడుతుంది. 'కలం', 'కారీ' అన్న మాటలు ఫార్సీవి. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ తీరం నుంచి ఇరాన్ దాకా ఈ బట్టలు ఓడలెక్కాయి. ఇవాళ మంచం మీద పరిచే దుప్పటికి అంత చరిత్ర ఉంది.

ఒక పూట బయటికి వెళ్దామనుకుంటే

ఇంట్లో ఇవన్నీ ఒకసారి పిల్లలకు చూపించాక సాలార్‌జంగ్‌కు వెళ్తే ఆ వెళ్ళడమే వేరుగా ఉంటుంది. మూసీ ఒడ్డున ఉన్న ఈ మ్యూజియంకు శుక్రవారం సెలవు. జుమా తర్వాత వెళ్దామనుకుని వచ్చి గేటు దగ్గర నుంచి వెనక్కి పోయేవాళ్ళు ఉంటారు కాబట్టి ఇది గుర్తు పెట్టుకోవాలి. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో చనిపోయారు. ఆయన సేకరణతో 1951లో దివాన్ దేవ్డీలో మ్యూజియం మొదలైంది. 1968లో ఇప్పుడున్న భవనానికి మారింది.

చాలామంది ఒక్క పూటలో అన్నీ చూడాలని పరుగులు పెడతారు. మేలిముసుగు రెబెక్కా విగ్రహం చూసి, గంట కొట్టే గడియారం ముందు నిలబడి, కాళ్ళు నొప్పులు పుట్టి ఇంటికొస్తారు. పిల్లలకు ఏమీ గుర్తుండదు. దానికన్నా రెండు మూడు గదులు చాలు. బిద్రీ గదిలో ఆగండి. "మన ఇంట్లో ఉన్నవి ఇక్కడ ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు" అని పిల్లలకు పని అప్పజెప్పండి. జేడ్ రాతి వస్తువుల్లో ఢిల్లీ సుల్తాన్ షంసుద్దీన్ ఇల్తుత్‌మిష్ పేరున్న రెహాల్ ఒకటి ఉంది. ఇంట్లో చెక్క రెహాల్ విప్పి చూసిన పిల్లవాడు దాని ముందు నుంచి అంత త్వరగా కదలడు.

అక్కడి నుంచి చార్మినార్ దగ్గరే. లాడ్ బజార్‌లో గాజులు బేరమాడి కొనేసి వచ్చేయకుండా, లక్క గాజులు చేసే చోట కాసేపు ఆగండి. చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు కట్టే లక్కను బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, పాములా సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే ఒక్కొక్క రాయీ పొదుగుతారు. వేళ్ళు కాలుతూనే ఉంటాయి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ సెగ ఒకసారి చూసిన అమ్మాయి గాజును పెట్టెలో ఊరికే విసిరేయదు. కొనే అమ్మీ కూడా పది రూపాయల కోసం అంతసేపు బేరమాడదేమో.

ఇల్లు దాటకపోయినా ఫరవాలేదు. ఈ సెలవు రోజున దస్తర్‌ఖాన్ ఎత్తేశాక, అటక మీద డబ్బా ఒకటి దించండి. దాదీమా గానీ నానీ గానీ ఉంటే వాళ్ళ ముందు పెట్టండి. ఇది ఎవరిది, ఎక్కడ కొన్నారు, ఇందులో ఏం పెట్టేవారు అని అడగండి. వాళ్ళు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఒక చీటీ మీద నాలుగు ముక్కలు రాసి ఆ వస్తువులోనే పెట్టేయండి. మ్యూజియం వాళ్ళు అద్దం పక్కన పెట్టేది కూడా అలాంటి చీటీయే.

ఆ తర్వాత కూడా అమ్మాలనిపిస్తే అమ్ముకోవచ్చు, అవసరాలు ఎవరికైనా ఉంటాయి. కానీ అప్పుడు ఏం అమ్ముతున్నారో తెలిసి అమ్ముతారు. తూకానికి వేయరు.